స్మార్ట్ బోర్డు వచ్చాక మా క్లాసులో ముగ్గురు పిల్లలు వెనకబడ్డారు, ఏం చేయాలి?

ఆరోతరగతి_మిస్ (పెరంబూరు)
జూన్ 20, రాత్రి 10.05

అందరికీ నమస్కారం. చెన్నైలో ఒక సీబీఎస్‌ఈ బడిలో ఆరో తరగతికి సైన్సు, లెక్కలు చెబుతాను. క్లాసులో 41 మంది. ఈ ఏడాది బడి తెరవగానే ప్రతి గదికీ పెద్ద టచ్ స్క్రీన్ బోర్డు పెట్టారు. పాఠాలన్నీ ఒక కంపెనీ తయారుచేసి ఇచ్చింది. యానిమేషన్లు, క్విజ్‌లు, వీడియోలు అన్నీ ఉన్నాయి. మొదటి వారం పిల్లలూ సంబరపడ్డారు, నేనూ సంబరపడ్డాను. ఏళ్ళ తరబడి సుద్దముక్కతో రాసి భుజం నొప్పి తెచ్చుకున్నదాన్ని.

రెండో వారంలో అయస్కాంతాల పాఠం నడుస్తుంటే మొదటి బెంచీలో ఇద్దరు ఆడపిల్లలు గుసగుసలాడుకుంటున్నారు. రెండుసార్లు చూసి ఊరుకున్నాను. మూడోసారి ఒక అమ్మాయిని లేపి నిలబెట్టాను. ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటూ "మిస్, తనకి స్క్రీన్ మీద కనపడట్లేదు. నేను చదివి చెప్తున్నా" అంది.

పక్కనున్న పాపకి చూపు బాగా తక్కువ. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. నిరుడు ఐదో తరగతిలోనూ వాళ్ళకి లెక్కలు నేనే చెప్పాను. నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో, పైకి చదువుతూ రాసేదాన్ని. ఆ పాప బాగానే అందుకునేది. ఇప్పుడు తెల్లటి తెర మీద బూడిదరంగు అక్షరాలు వస్తున్నాయి. తను కళ్ళు చిట్లించుకుని రెండో లైనుకి వచ్చేలోగా స్లయిడు మారిపోతోంది.

ఆ రోజు ఇంటికొచ్చాక మిగతా పిల్లల గురించి కూడా ఆలోచించాను. ఒక బాబుకి రెండు చెవులకీ హియరింగ్ ఎయిడ్ ఉంది. వీడియోల్లో మాటల వెనక ఆగకుండా మ్యూజిక్ వస్తుంది. ఇంకో బాబుకి అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే డిస్‌లెక్సియా. వర్క్‌షీట్లు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిస్తున్నాం, వాళ్ళమ్మ ఆఫీసు నుంచి వచ్చి రాత్రి ఒక్కో ప్రశ్నా చదివి వినిపిస్తోందట.

సుద్దముక్కతో చెప్పినన్నాళ్ళూ నాతోపాటు నడిచిన ముగ్గురు, ఇంత ఖర్చు పెట్టి సామాను తెచ్చాక ఆగిపోయారు. ఈ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. బోర్డు తీసేయమని నేను అడగను, అడిగినా తీయరు. నా చేతిలో ఉన్నంతలో ఏం చేయగలనో చెప్పండి.

కోడంబాక్కం_నాన్న
జూన్ 20, రాత్రి 10.31

మేడం, స్లయిడ్లలో అక్షరాలు పెద్దవి చేయడానికి ఆప్షన్ ఉండదా? ఇంకో మాట. మా వాడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. క్విజ్‌లో సరైన జవాబుకి ఆకుపచ్చ, తప్పుకి ఎరుపు వస్తుందట. వాడికి రెండూ ఒకేలా ఉంటాయి. తను చెప్పింది రైటో తప్పో పక్కవాడిని అడిగి తెలుసుకుంటున్నాడు. మీ క్లాసులోనూ అలాంటి పిల్లలు ఉండొచ్చు, ఒకసారి చూడండి. రంగుతోపాటు టిక్కో ఇంటూ గుర్తో పెట్టమని ఆ కంపెనీకి చెప్తే చాలు.

వేలిచూపు (షోళింగనల్లూరు)
జూన్ 20, రాత్రి 11.20

మిస్, నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఓఎమ్ఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. యాప్‌లూ వెబ్‌సైట్లూ చూపులేని వాళ్ళకి పనికొస్తాయా లేదా అని పరీక్షించడమే నా ఉద్యోగం. మీరు రాసింది, తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో రెండుసార్లు విన్నాను. ఆ రెండో పాపకి, చదివి వినిపించిన పాపకి, నా తరఫున ఒక చాక్లెట్ ఇవ్వండి. మా నాన్నగారు పదేళ్ళు నాకు చేసిన పని అది. రాత్రిళ్ళు నా పాఠాలు చదివి క్యాసెట్లలో రికార్డు చేసేవారు. వాటిలో మా ఇంటి ఫ్యాన్ చప్పుడు కూడా వినపడుతుంది. ఇప్పటికీ దాచుకున్నాను.

మీరు రేపు చేయగలిగిన పని ఒకటుంది. వర్క్‌షీటు గానీ స్లయిడు గానీ మీ ఫోన్లో తెరిచి ఒక పదం మీద వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచండి. ఆ పదం సెలెక్ట్ అయితే అది సాధారణంగా అక్షరం. కాకపోతే అది అక్షరం బొమ్మ. కళ్ళున్న వాళ్ళకి రెండూ ఒకటే. నాకు మాత్రం మొదటిది పాఠం, రెండోది ఖాళీ కాగితం. స్క్రీన్ రీడర్ చాలాసార్లు "ఇమేజ్" అని చెప్పి ఊరుకుంటుంది. ఫోటో తీసిన వర్క్‌షీటు, స్కాన్ చేసిన పీడీఎఫ్, అన్నీ ఇంతే. మీ డిస్‌లెక్సియా బాబు వాళ్ళమ్మ రాత్రిళ్ళు పడే కష్టంలో సగం ఆ ఫోటో వల్లే. అదే వర్క్‌షీటు టైపు చేసి ఫైలుగా పంపితే ఫోనే చదివి వినిపిస్తుంది.

లెక్కల్లో ఇంకో చిక్కుంది. భిన్నాలూ సమీకరణాలూ బొమ్మలుగా అతికిస్తారు. వర్డ్‌లో ఈక్వేషన్ అని ఇన్‌సర్ట్ చేసే పద్ధతి ఉంది, దానితో రాస్తే స్క్రీన్ రీడర్ చదవగలిగే అవకాశం ఉంటుంది.

చూపు తక్కువగా ఉన్న పాప సంగతికొస్తే, తనని బోర్డు దగ్గరికి తీసుకెళ్ళడం మానేసి బోర్డునే తన దగ్గరికి పంపించండి. పాత ఆండ్రాయిడ్ ఫోను ఒకటి ఉన్నా చాలు. స్లయిడ్లు ముందురోజే అందులో వేయండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది. అందులో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, రంగులు తిప్పి నలుపు మీద తెలుపు పెట్టుకోవచ్చు, టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే చదివి వినిపిస్తుంది. వీటికి పైసా ఖర్చు లేదు. కంప్యూటర్‌లో అయితే ఎన్‌వీడీఏ ఉంది, అదీ ఉచితంగా దొరికే స్క్రీన్ రీడరే. ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని కుర్రాళ్ళు 2006లో మొదలుపెట్టారు. నా ఉద్యోగం దాని మీదే నడుస్తోంది.

మైలాపూరు_అమ్మ
జూన్ 21, ఉదయం 6.15

మా బాబుకి చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి పెట్టే వినికిడి పరికరం) ఉంది, ఇప్పుడు ఎనిమిదో తరగతి. హియరింగ్ ఎయిడ్ పెడితే వినపడిపోతుందని చాలామంది టీచర్లు అనుకుంటారు. కళ్ళజోడు లాంటిది కాదండీ అది. మాటనీ పెంచుతుంది, ఫ్యాను చప్పుడునీ పెంచుతుంది, బెంచీ లాగిన చప్పుడునీ పెంచుతుంది. వీడియోలో మాట వెనక మ్యూజిక్ పెడితే పిల్లవాడికి ఆ మ్యూజిక్కే మిగులుతుంది.

ముందు ఆ వీడియోలకి సబ్‌టైటిల్స్ ఉన్నాయేమో చూడండి. లేకపోతే మ్యూట్ చేసి మీరే చెప్పండి. నిజంగా చెప్తున్నాను, వీడియో ఆపి టీచర్ తన నోటితో చెప్పిన రోజే మా వాడికి పాఠం అర్థమయ్యేది. చెప్పేటప్పుడు బోర్డు వైపు తిరగకండి. ఈ పెద్ద స్క్రీన్లతో వచ్చిన చిక్కు ఇదే, టీచర్లందరూ దానికేసి చూస్తూ మాట్లాడతారు. పెదాలు కనపడకపోతే మా పిల్లలకి సగం మాట పోతుంది.

గూగుల్ లైవ్ ట్రాన్‌స్క్రైబ్ అని యాప్ ఉంది, మాట్లాడింది అక్షరాలుగా వస్తుంది. తెలుగు, తమిళం కూడా వస్తాయి. ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. నలభై మంది ఉన్న క్లాసులో మూడు ఫ్యాన్ల కింద పనిచేయలేదు. మాకు పనికొచ్చింది కాలర్‌కి పెట్టుకునే వైర్‌లెస్ మైకు. టీచర్ మాట నేరుగా వాడి మెషీన్‌లోకి వెళ్తుంది. అది ఖరీదే, మీ బాబు మెషీన్‌కి సరిపోతుందో లేదో వినికిడి నిపుణులైన ఆడియాలజిస్ట్‌ని అడగాలి. ఖర్చు లేనిది ఒకటి చెప్తాను. పాఠంలో కొత్తగా వచ్చే ఎనిమిదో పదో మాటలు ముందురోజు కాగితం మీద రాసి పంపించండి. తెలిసిన మాట అయితే పిల్లాడు సగం విన్నా పట్టుకుంటాడు. కొత్త మాటని సగం వింటే పోయినట్టే.

సైన్ లాంగ్వేజ్ వాడే పిల్లలకి దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఎన్‌సీఈఆర్‌టీ పాఠాల వీడియోలు ఉన్నాయి. ఢిల్లీలో ఉన్న భారతీయ సంజ్ఞా భాష పరిశోధన కేంద్రంతో ఎన్‌సీఈఆర్‌టీ 2020 అక్టోబరులో ఒప్పందం చేసుకుని ఆ పని మొదలుపెట్టింది. ఆ కేంద్రం వాళ్ళదే 10,000 మాటల నిఘంటువు కూడా ఉంది. మా వాడు సైన్ వాడడు, అయినా వాడి స్నేహితుడి కోసం నేర్చుకుంటున్నాడు.

నల్లబల్ల (అంబత్తూరు)
జూన్ 21, మధ్యాహ్నం 1.40

అందరూ మంచి సలహాలే ఇస్తున్నారు, కాదనను. ఇరవై రెండేళ్ళుగా టీచర్‌ని, మనసులో మాట చెప్తాను. వీళ్ళు చెప్పినవన్నీ ఎవరు చేయాలి? ఆ మిస్సే చేయాలి. రోజుకి ఆరు పీరియడ్లు, 41 నోటుబుక్కులు దిద్దడం, మధ్యలో ఎవరో సెలవు పెడితే ఆ క్లాసు కూడా. ఇప్పుడు వర్క్‌షీట్లు టైపు చేయాలి, స్లయిడ్లు ముందురోజు పంపాలి, మాటల పట్టీ రాయాలి, వీడియో ఆపి తనే చెప్పాలి. మరి ఆ కంపెనీకి డబ్బులు కట్టింది ఎందుకు?

బడిలో స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ఇలాంటి పిల్లలకి నేర్పడంలో ట్రైనింగ్ ఉన్న టీచర్, ఉన్నారా మిస్? అది ముందు అడగండి. 2021లో రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ప్రైమరీలో ఇలాంటి పిల్లలు 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని. మా బడిలో మూడు బ్రాంచీలకీ కలిపి ఒక్కరు వస్తారు, అదీ గురువారం. మనిషిని పెట్టడానికి డబ్బు లేదంటారు, తెర కొనడానికి ఉంటుంది. తెర అడ్మిషన్ల బ్రోచర్‌లో ఫోటోకి పనికొస్తుంది కాబట్టి.

మిస్ నల్లబల్ల మీద రాస్తూ పైకి చదివేది, ఆ పాపకి అందేది. అదే కదా అందరినీ కలుపుకునే అసలైన ఇంక్లూజివ్ పాఠం? వారంలో మూడు రోజులు సుద్దముక్కతోనే చెప్పండమ్మా. ఎవరేమంటారు?

పక్కబెంచీ (కొట్టూరుపురం)
జూన్ 21, రాత్రి 9.10

నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. నల్లబల్ల సార్ బాధ నా బాధ కూడా. నేనూ రెండు బళ్ళ మధ్య బస్సులో తిరిగేదాన్నే. కానీ సుద్దముక్కకి తిరిగి వెళ్ళమనే మాట దగ్గర ఒప్పుకోలేను సార్. నల్లబల్ల ఆ పాపకి పనికొచ్చింది, నిజమే. డిస్‌లెక్సియా బాబుకి నల్లబల్ల ఎప్పుడూ పనికిరాలేదు. చూసి రాసుకోవడమే వాడికి అన్నిటికంటే కష్టం. చూసి రాసేలోగా బెల్లు కొడతారు. వాడు అప్పుడూ వెనకే ఉన్నాడు, మనకి కనపడలేదంతే. డిజిటల్‌గా ఉన్న పాఠానికి ఒక గుణం ఉంది. ఒకే పాఠాన్ని ఒకరు పెద్దది చేసుకుని చూస్తారు, ఒకరు వింటారు, ఒకరు నెమ్మదిగా మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటారు. అలా తిప్పుకునేట్టుగా పాఠాన్ని మొదటే తయారుచేయాలి. చేసిన తర్వాత అతుకులు వేస్తే నిలవదు. యూనివర్సల్ డిజైన్ అని ట్రైనింగుల్లో చెప్పేది ఇదే.

కంపెనీ పని మిస్ ఎందుకు చేయాలి అన్న మాట మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 16వ సెక్షన్ తీసి చూడండి. ప్రభుత్వ సాయం పొందే బళ్ళూ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బళ్ళూ వైకల్యం ఉన్న పిల్లలకి అందరితో కలిపి చదువు చెప్పాలి, వాళ్ళకి కావలసిన మార్పులు చేసి ఇవ్వాలి. బాధ్యత బడిది. టీచర్ మంచితనం మీద ఆధారపడిన విషయం కాదు. కొనేటప్పుడే "అక్షరాలు సెలెక్ట్ అవుతాయా, సబ్‌టైటిల్స్ ఉన్నాయా, కీబోర్డుతో నడుస్తుందా" అని బడి నడిపే కరస్పాండెంట్ అడిగి ఉంటే ఈ రోజు ఇంత బాధ ఉండేది కాదు. వచ్చే ఏడాది ఆ కంపెనీతో ఒప్పందం రెన్యూ చేసేముందు ఆ మూడు ప్రశ్నలూ కాగితం మీద రాసి ఇవ్వండి మిస్.

వేలిచూపు గారూ, మీతో ఒక చిన్న తేడా. ఫోను ఆ పాప ఒక్కతికే ఇస్తే ఏం జరుగుతుందో నేను చూశాను. నేను ఒక అబ్బాయికి టాబ్ ఇప్పించాను. మూడో రోజు నుంచి దాన్ని బ్యాగులోంచి బయటికి తీయలేదు. ఎందుకురా అంటే "అందరూ నన్నే చూస్తున్నారు ఆంటీ" అన్నాడు. తర్వాత నలుగురేసి గుంపులు చేసి, గుంపుకొక టాబ్ పెట్టాం. అప్పుడు అది వాడి పరికరం కాదు, గుంపుది. చదివి వినిపించే బటన్ వాడికంటే ఎక్కువ మిగతా ముగ్గురే నొక్కేవారు.

వేలిచూపు (షోళింగనల్లూరు)
జూన్ 21, రాత్రి 10.02

ఒప్పుకుంటున్నాను మేడం. నాకు అది తట్టలేదు. నేను చదివింది చూపులేని పిల్లల స్కూల్లో, అక్కడ అందరి దగ్గరా ఒకే రకం పరికరాలు ఉండేవి. ఒంటరిగా కనపడటం అంటే ఏమిటో ఉద్యోగంలో చేరాకే తెలిసింది. అయితే నాలుగు రోజులు వాడాక ఆ పాపనే అడగండి, నీకు విడిగా కావాలా, గుంపులో కావాలా అని. పదకొండేళ్ళ పిల్లకి తన సంగతి తనకి తెలుస్తుంది.

వినేవాడి_నాన్న (అన్నానగర్)
జూన్ 22, ఉదయం 8.45

మా పెద్దవాడికి డిస్‌లెక్సియా, ఇప్పుడు పదకొండో తరగతి. ఏడో తరగతిలో వాడి పుస్తకాలు వినడం మొదలుపెట్టాం. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజర్‌లో రీడ్ అలౌడ్ అని ఉంటుంది, పైసా ఖర్చులేదు. చదువుతున్న పదం కింద రంగు కదులుతూ ఉంటుంది, కంటితో ఆ రంగుని పట్టుకుని చెవితో వింటాడు. తెలుగు కూడా చదువుతుంది. మద్రాస్ డిస్‌లెక్సియా అసోసియేషన్ వాళ్ళు మాకు చాలా సాయం చేశారు. పాఠాలు చదవడానికి ఆవాజ్ వాళ్ళతో కలిసి ఒక యాప్ కూడా తెచ్చారు. ఆవాజ్ మన చెన్నైలోనే పుట్టింది. మాట రాని పిల్లలు బొమ్మలు నొక్కితే మాట పలికే పరికరంతో మొదలైంది.

మా ఇంట్లోనే జరిగిన గొడవ ఒకటి చెప్పాలి. మా నాన్నగారు హెడ్‌మాస్టర్‌గా రిటైరయ్యారు. "వినడం చదవడం ఎలా అవుతుందిరా? పిల్లాడికి సోమరితనం నేర్పుతున్నావు" అనేవారు. ఏడాది పాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఒకరోజు వాడు భోజనాల దగ్గర ప్లాసీ యుద్ధం గురించి అరగంట మాట్లాడాడు, ఎవరు ఎవరిని మోసం చేశారు, ఎందుకు చేశారు, అన్నీ. మా నాన్నగారు అన్నం కలపడం ఆపేసి విన్నారు. మర్నాడు పొద్దున్నే వచ్చి "ఆ యంత్రం నాకూ చూపించు, కళ్ళు లాగుతున్నాయి, పేపరు చదవలేకపోతున్నాను" అన్నారు.

మిస్, మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది. సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షలో ఈ పిల్లలకి 3 గంటల పేపరుకి 1 గంట అదనం ఇస్తారు. సర్టిఫికెట్ ఉంటే కంప్యూటర్‌లో జవాబులు టైపు చేయొచ్చు, ప్రశ్నలు పెద్ద అక్షరాల్లో చూడొచ్చు, వినొచ్చు. మన కంప్యూటరే తీసుకెళ్ళాలి, అందులో ఏమీ ఉండకూడదు, ఇంటర్నెట్ ఉండకూడదు, అక్కడి కంప్యూటర్ టీచర్ చూసి ఒప్పుకోవాలి. ఈ సౌకర్యం ఉందని మాకు పదో తరగతిలో అక్టోబరులో చెప్పారు. అప్పుడు నేర్చుకుని వాడడం కుదురుతుందా? మా వాడు భయపడి చేత్తోనే రాశాడు. ఆరో తరగతి నుంచి క్లాస్ టెస్టులు అలా రాయిస్తే, పదికి వచ్చేసరికి అది వాళ్ళకి పెన్నులా అయిపోతుంది. మీ బాబుకి ఇప్పుడే మొదలుపెట్టండి, ప్లీజ్.

తెలుగుమాస్టారు (తండయార్‌పేట)
జూన్ 22, రాత్రి 8.20

మీరంతా ఇంగ్లీషు మీడియం వాళ్ళు. నా గోడు వేరు. ఉత్తర చెన్నైలో తెలుగు మీడియం పిల్లలకి చెబుతాను. చూపు లేని అమ్మాయి ఒకతి ఉంది. వేలిచూపు గారు చెప్పినట్టు వేలు పెట్టి చూశాను. మా దగ్గరున్న తెలుగు గైడు పీడీఎఫ్‌లో అక్షరం సెలెక్ట్ అవుతోంది. సంతోషంగా ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టాను. అది తెలుగు చదవలేదు. ఇంగ్లీషు అక్షరాలూ, డాలర్లూ, బ్రాకెట్లూ ఏవేవో పలికింది. పాప భయపడి ఫోను కింద పెట్టేసింది. ఎందుకలా?

అచ్చుపని
జూన్ 22, రాత్రి 9.55

మాస్టారూ, దానికి నేను జవాబు చెప్పగలను, ఎందుకంటే అలాంటి పుస్తకాలు వందల కొద్దీ కంపోజ్ చేసినవాణ్ణి. ముప్పై ఏళ్ళుగా డీటీపీ పని నాది, మొదట మౌంట్ రోడ్డు దగ్గర, ఇప్పుడు ఇంట్లోనే.

మేం వాడేది అను ఫాంట్లు. అందులో కంటికి "అమ్మ" అని కనపడుతుంది కానీ, ఫైలు లోపల ఉండేది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ తెలుగు ముఖం తొడిగారన్నమాట. అచ్చు వేయడానికి ఏ ఇబ్బందీ లేదు, కాగితానికి లోపల ఏముందో అక్కర్లేదు. చదివే యంత్రానికి లోపలిదే కావాలి. ముఖం తీసేసి చూస్తే దానికి కనపడేది ఆ డాలర్లూ బ్రాకెట్లే. యూనికోడ్‌లో అయితే "అ" కి ప్రపంచమంతటా ఒకటే నంబరు, ఏ యంత్రమైనా "అ" అనే చదువుతుంది. మీరు ఇక్కడ టైపు చేస్తున్నది యూనికోడే. తమిళానికీ కన్నడానికీ కూడా ఇలాంటి పాత ఫాంట్ల బాధ ఉంది.

దారి ఉంది. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. మార్చాక ఒత్తుల దగ్గర తప్పులు పడతాయి, క్ష, జ్ఞ, రెండు ఒత్తులు వచ్చే చోట్ల. ఒక మనిషి కూర్చుని దిద్దాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్ మాత్రమే ఉంటే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి, బొమ్మలోంచి అక్షరాలు తీస్తుంది. తెలుగు బాగానే తీస్తుంది, కానీ ద, ధ దగ్గరా ప, ష దగ్గరా పొరపాటు పడుతుంది.

నాకు ఈ సంగతి ఇన్నాళ్ళూ తెలుసు, దానివల్ల ఒక పిల్ల భయపడి ఫోను కింద పెడుతుందని తెలియదు. మాస్టారూ, మీ పాప పుస్తకాలు నాకు పంపండి. తెలుగు వాచకం ముందు చేస్తాను. డబ్బులేమీ వద్దు.

తెలుగుమాస్టారు (తండయార్‌పేట)
జూన్ 22, రాత్రి 10.10

అయ్యా, ఏమనాలో తెలియడం లేదు. రేపే పంపుతాను. కానీ పుస్తకాన్ని ఇలా స్కాన్ చేసి మార్చుకోవడం తప్పు కాదు కదా? పబ్లిషర్లు కేసులు పెడతారేమోనని మా హెచ్‌ఎం భయం.

పక్కబెంచీ (కొట్టూరుపురం)
జూన్ 22, రాత్రి 10.40

తప్పు కాదు మాస్టారూ. కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ తెచ్చారు, సెక్షన్ 52లో. వైకల్యం ఉన్న వాళ్ళు చదువుకోగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చి, చదువు కోసం వాళ్ళకి ఇవ్వొచ్చు, పబ్లిషర్ అనుమతి అక్కర్లేదు. వ్యాపారం చేయకూడదంతే. దీని గురించే 2013లో మర్రకేష్ ఒప్పందం కుదిరితే 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. హెచ్‌ఎం గారికి ఈ సెక్షన్ ప్రింటు తీసి ఇవ్వండి.

ఇంకొకటి, సుగమ్య పుస్తకాలయ అని ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, 2016లో మొదలైంది. ఇలా మార్చిన పుస్తకాలు అక్కడ ఉంటాయి. పాపకి సర్టిఫికెట్ ఉంటే సభ్యత్వం తీసుకోండి. అచ్చుపని గారు చేసిన పుస్తకం వాళ్ళకి కూడా పంపిస్తే మళ్ళీ ఇంకో ఊళ్ళో ఇంకో మాస్టారు ఇదే పని మొదటినుంచి చేయక్కర్లేదు. మా వీధి దగ్గర్లోనే ఉన్న అన్నా శతాబ్ది గ్రంథాలయంలో బ్రెయిలీ విభాగం ఉంది, ఒకసారి పాపని తీసుకురండి.

పాప బ్రెయిలీ మానేయకుండా చూడండి. వింటే పాఠం వస్తుంది, అక్షరక్రమం రాదు. యూనికోడ్ ఫైలు ఉంటే దాన్నే బ్రెయిలీలోకి కూడా మార్చుకోవచ్చు, తెలుగుకి 1951 నుంచీ భారతి బ్రెయిలీ (మన దేశ భాషలన్నిటికీ ఉమ్మడి బ్రెయిలీ) ఉంది కదా.

నల్లబల్ల (అంబత్తూరు)
జూన్ 23, సాయంత్రం 5.30

అచ్చుపని గారికి నమస్కారం. మా దగ్గర ఎనిమిదో తరగతి లెక్కల వర్క్‌షీట్లు మూడేళ్ళవి ఉన్నాయి, అన్నీ చేతిరాతవే. నా కూతురు కాలేజీ సెలవుల్లో ఇంట్లో ఉంది, టైపు చేస్తానంటోంది. అందరు టీచర్లూ ఒక్కో పాఠం పంచుకుంటే ఒక్కళ్ళ మీద పడదు. స్పెషల్ ఎడ్యుకేటర్ కావాలన్న నా మాట మీద మాత్రం నేను ఉన్నాను. అది వదలొద్దు.

ఆరోతరగతి_మిస్ (పెరంబూరు)
జూలై 11, రాత్రి 9.50

అందరికీ ఏం జరిగిందో చెప్పాలి. ఆలస్యానికి క్షమించండి, మధ్యలో యూనిట్ టెస్టులు వచ్చాయి.

కరస్పాండెంట్‌ని కలిశాను. టాబ్‌లు కొనడం ఈ ఏడాది కుదరదన్నారు. స్పెషల్ ఎడ్యుకేటర్ గురించి అడిగితే "చూద్దాం" అన్నారు. ఆ మూడు ప్రశ్నలూ రాసిన కాగితం మాత్రం తీసుకుని ఫైల్లో పెట్టారు, నా ముందే కంపెనీకి ఫోన్ చేసి సబ్‌టైటిల్స్ అడిగారు. ఇంకా జవాబు రాలేదు.

పాత ఫోన్లు కావాలని పేరెంట్స్ గ్రూపులో అడిగితే ఏడు వచ్చాయి. ఐదు పనిచేస్తున్నాయి, ఒకదానికి అద్దం పగిలినా ఫరవాలేదు. సిమ్‌లు తీసేసి గుంపుకొకటి పెట్టాను. రెండు రోజులు క్లాసు క్లాసులా లేదు, ఒకళ్ళు రంగులు తిప్పుతారు, ఒకళ్ళు గొంతు మారుస్తారు. మూడో రోజుకి సద్దుమణిగింది. చూపు తక్కువ పాపని అడిగాను. కాసేపు ఆలోచించి "లెక్కలకి విడిగా కావాలి మిస్, సైన్సుకి అందరితో" అంది. అలాగే ఇస్తున్నాను.

హియరింగ్ ఎయిడ్ బాబుకి మాటల పట్టీ పంపుతున్నాను. వీడియోలు మ్యూట్ చేసి నేనే చెబుతున్నాను. మైకు సంగతి వాళ్ళ నాన్న కనుక్కుంటున్నారు. బోర్డు వైపు తిరిగి మాట్లాడే అలవాటు ఇంకా పోలేదు, వాడు చెయ్యెత్తి గుర్తు చేస్తాడు, అప్పుడు తిరుగుతాను. డిస్‌లెక్సియా బాబు మొదటి క్లాస్ టెస్టు కంప్యూటర్ గదిలో టైపు చేసి రాశాడు. 20కి 9 వచ్చాయి. ఎప్పుడూ మూడో నాలుగో వచ్చేవి. వాళ్ళమ్మ ఫోన్లో చాలాసేపు మాట్లాడలేకపోయింది.

వర్క్‌షీట్లు ఇప్పుడు టైపు చేస్తున్నాం, నలుగురు టీచర్లం పంచుకున్నాం. నిన్న ఇచ్చిన షీటు మేం నలుగురం చదివి సరిచూసుకున్నదే. పది నిమిషాలకి ఆ పాప ఫోను చెవి దగ్గర పెట్టుకుని లేచి నిలబడింది. "మిస్, ఐదో ప్రశ్నలో 'నాట్' రెండుసార్లు ఉంది. రెండోది కొట్టేయమని అందరికీ చెప్పనా?" అంది. 41 మందీ షీట్లు తిప్పి చూశారు. ఉంది. చెప్పమన్నాను.